కాన్పు ఎక్కడ? అర్ధరాత్రి రెండు గంటల ప్రశ్న

మా చెల్లెలికి ఏడో నెలలో సీమంతం చేశాం. మాది పాకాల; ఇటు వెళితే తిరుపతి, అటు వెళితే చిత్తూరు. గాజులు, హారతులు, భోజనాలు అన్నీ అయ్యాక పెద్దవాళ్ళంతా వసారాలో చేరినప్పుడు అసలు మాట మొదలైంది. కాన్పు ఎక్కడ? తొలి కాన్పు పుట్టింటి బాధ్యత కాబట్టి ఇక్కడే అని అమ్మ. నెలనెలా చూసిన డాక్టరు ఉన్నచోటే, అంటే బెంగళూరులోనే మంచిదని చెల్లెలి అత్తగారు. ఎవరేమన్నా తమిళనాడులోని వేలూరు ఆసుపత్రిని మించింది లేదని పెదనాన్న. తిరుపతిలో ఒక డాక్టరమ్మ హస్తవాసి చాలా మంచిదని పక్కింటి పిన్ని. నలుగురు పిల్లలను మంత్రసాని చేతుల మీదుగా ఇంట్లోనే కన్న మా అవ్వ మాత్రం అందరి మాటలూ విని, "ఇంతకీ దాన్ని అడిగారా?" అంది.

ఎవరూ అడగలేదు. చెల్లెలు లోపలి గదిలో కాళ్ళ కింద దిండు పెట్టుకుని పడుకుని ఉంది. అన్నీ వినబడుతూనే ఉన్నాయి.

తరువాతి వారాల్లో తనతో కలిసి నేను చాలా తిరిగాను. ప్రభుత్వ ఆసుపత్రులు చూశాం, ప్రైవేటు నర్సింగ్‌హోములు చూశాం, ఊరి ఏఎన్‌ఎంతోనూ ఆశా కార్యకర్తతోనూ కూర్చుని మాట్లాడాం. "ఏది మంచి ఆసుపత్రి" అని అడిగినంత కాలం ఒక్కొక్కరు ఒక్కో పేరు చెప్పారు. ఆ ప్రశ్నను రెండుగా విడదీశాక దారి కనబడింది. అంతా సవ్యంగా సాగుతుంటే ఇక్కడివాళ్ళు ఓపిక పడతారా? అర్ధరాత్రి రెండు గంటలకు ఏదైనా అడ్డం తిరిగితే వేగంగా కదలగలరా? కాన్పుకు ఈ రెండూ కావాలి. రెండూ ఒకే కప్పు కింద దొరకడం మాత్రం తేలిక కాదు. ఓపిక ఉన్న చిన్న కేంద్రంలో వేగానికి తగిన వసతి ఉండదు. వసతి ఉన్న కొన్నిచోట్ల ఓపికకు తావుండదు. ఇళ్ళలో జరిగే వాదనలన్నీ నిజానికి ఈ చిక్కుముడి చుట్టూనే తిరుగుతుంటాయి, ఆ సంగతి ఎవరికీ తెలియకపోయినా.

ఓపిక అంటే ఏమిటి

తొలి కాన్పు నొప్పులు పన్నెండు గంటలు, కొందరికి అంతకు మించి కూడా సాగుతాయి. గర్భాశయ ముఖద్వారం గంటకు ఒక సెంటీమీటరు చొప్పున తెరుచుకోవాలన్న పాత లెక్క అందరికీ వర్తించదని, నొప్పులు ఊపందుకున్న దశను ఐదు సెంటీమీటర్ల నుంచి లెక్కించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. తల్లీ బిడ్డా బాగున్నంత వరకు గడియారం చూసి తొందరపడనక్కర్లేదని దాని భావం. ఆ గంటల్లో కావలసింది బిడ్డ గుండె చప్పుడును క్రమం తప్పకుండా వినే నర్సు, తల్లిని నడవనిచ్చే జాగా, గుక్కెడు మజ్జిగో నీళ్ళో తాగనిచ్చే మనసు, చేయి పట్టుకునే ఒక మనిషి.

ఆ మనిషి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు గదిలోకి తల్లితోపాటు ఒక తోడును అనుమతించాలని కేంద్ర ప్రభుత్వం 2016లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ముఖ్యంగా కాన్పు అనుభవం ఉన్న ఆడమనిషిని. తోడు ఉంటే కాన్పు త్వరగా, మందుల అవసరం తక్కువగా, భయం లేకుండా జరుగుతుందన్నది పరిశోధనల్లో తేలిన మాట. అయినా చాలామందికి ఈ సంగతి తెలియదు. తలుపు బయట నిలబెడితే నిలబడిపోతారు. "తోడుగా ఒకరిని రానిస్తారా?" అన్నది ముందే అడగవలసిన ప్రశ్న.

ఇంకో మూడు ప్రశ్నలు కూడా ఇదే కోవలోవి. అందరికీ కింద కోత పెట్టి కుట్లు వేస్తారా, అవసరమైనవారికేనా? బిడ్డ రావడానికి పొట్ట మీద చేతులతో నొక్కుతారా? బిడ్డ పుట్టగానే తల్లి గుండెల మీద పడుకోబెడతారా, లేక వేరే గదికి తీసుకుపోతారా? అలవాటుగా కోత పెట్టడం, పొట్ట నొక్కడం మంచివి కావని వైద్యశాస్త్రం ఇప్పుడు స్పష్టంగానే చెబుతోంది. మేము చూసిన ఒకచోట ఈ ప్రశ్నలు వేయగానే, "అవన్నీ మీకెందుకమ్మా, మేము చూసుకుంటాం కదా" అన్నారు. ఇంకోచోట ఒక పెద్ద నర్సమ్మ కుర్చీ లాక్కుని కూర్చుని పది నిమిషాలు వివరించింది. గోడలకు కొత్త రంగులు మొదటిచోటే ఉన్నాయి.

వేగం అంటే ఏమిటి

నెలలు నిండిన గర్భాశయానికి నిమిషానికి అరలీటరుకు పైగా రక్తం ప్రవహిస్తూ ఉంటుంది. బిడ్డా మాయా బయటికి వచ్చాక గర్భాశయం గట్టిగా ముడుచుకుంటేనే ఆ రక్తనాళాలు మూసుకుంటాయి. ముడుచుకోకపోతే? అరలీటరు దాటిన రక్తస్రావాన్ని ప్రమాదంగా పరిగణిస్తారు. చికిత్స అందకపోతే రెండు గంటల్లోనే ప్రాణం పోవచ్చు. తొమ్మిది నెలలూ ఏ ఇబ్బందీ లేకుండా గడిచిన మనిషికి కూడా ఇలా జరగవచ్చు; ఎవరికి జరుగుతుందో ముందే కచ్చితంగా చెప్పలేరు. బిడ్డ పుట్టగానే తల్లికి ఆక్సిటోసిన్ ఇంజెక్షను ఇచ్చేది అందుకే. అది చిన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ దొరుకుతుంది. అది పని చేయనప్పుడు కావలసిన రక్తం, ఆపరేషన్ థియేటర్, మత్తు డాక్టరు మాత్రం అక్కడ ఉండవు.

బిడ్డ వైపు చూస్తే, పుట్టిన పదిమందిలో ఒకరికి ఊపిరి అందుకోవడానికి కాస్త సాయం కావాలి. ఒళ్ళు తుడవడం, వీపు రుద్దడం, అవసరమైతే సంచీ మాస్కుతో గాలి అందించడం. అది మొదటి నిమిషంలోనే మొదలుకావాలి. పిల్లల డాక్టరును ఫోను చేసి పిలిపించేంత వ్యవధి ఉండదు కాబట్టి ఆ విద్య తెలిసినవారు కాన్పు గదిలోనే ఉండాలి.

అందుకే ఏ ఆసుపత్రికి వెళ్ళినా మేము ఒకే ప్రశ్న అడిగాం: అర్ధరాత్రి రెండు గంటలకు ఇక్కడ ఎవరుంటారు? ప్రసూతి డాక్టరు లోపలే ఉంటారా, ఇంటి నుంచి వస్తారా? మత్తు డాక్టరు ఎన్ని నిమిషాల్లో వస్తారు? చాలా నర్సింగ్‌హోముల్లో మత్తు డాక్టరు పిలిస్తే వచ్చే మనిషే. ఒకే ఆయన మూడు నాలుగు ఆసుపత్రులకు వెళుతుంటారు. అది తప్పేమీ కాదు, ఇరవై నిమిషాల్లో రాగలిగితే. అత్యవసరంగా సిజేరియన్ చేయాలని నిర్ణయించాక ముప్పై నిమిషాల్లో మొదలుపెట్టగలగాలన్నది వైద్యులు పెట్టుకున్న కొలబద్ద. రక్తం ఎక్కడి నుంచి వస్తుంది? బిడ్డకు కష్టమైతే ఇక్కడే చూస్తారా, ఎక్కడికి పంపుతారు, ఏ బండిలో? హస్తవాసి ఒక మనిషిది. ఆ రాత్రి పని మాత్రం ఐదారుగురి చేతుల్లో ఉంటుంది.

మన దగ్గర ఉన్న మెట్లు

ప్రభుత్వ వైద్యంలో ఒక నిచ్చెన ఉంది. ఊరి పక్కన ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, దాని పైన సామాజిక ఆరోగ్య కేంద్రం, ఏరియా ఆసుపత్రి, ఆ పైన చిత్తూరులో ఉన్నటువంటి జిల్లా స్థాయి ఆసుపత్రి, అన్నిటికీ పైన బోధనాసుపత్రులు. తిరుపతిలో ఎస్వీ వైద్య కళాశాలకు అనుబంధంగా ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి, రుయా ఆసుపత్రి ఉన్నాయి. స్విమ్స్ (శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ) ఉంది, దాని ఆధ్వర్యంలో శ్రీ పద్మావతి మహిళా వైద్య కళాశాల ఉంది. బోధనాసుపత్రిలో జనం ఎక్కువ, మంచాలు చాలవు, విసుక్కునేవాళ్ళూ ఉంటారు. అయినా అర్ధరాత్రి రెండు గంటల ప్రశ్నకు అక్కడ దొరికే జవాబు బలమైనది: డ్యూటీ డాక్టర్లు లోపలే ఉంటారు. కింది ఆసుపత్రుల్లో కష్టమైన కేసులు చివరికి చేరేది కూడా అలాంటి చోటికే. రాత్రి ఎలాగూ అక్కడికే పరుగెత్తవలసి వస్తుందనుకుంటే, పగలే నడిచి వెళ్ళడం తెలివైన పని కదా!

అయితే ఎవరు ఏ మెట్టు ఎక్కాలి? రక్తపోటు, చక్కెర, కవలలు, ఎదురుకాళ్ళ బిడ్డ, మాయ కిందికి ఉండడం, ఇదివరకు సిజేరియన్ జరిగి ఉండడం, మూర్ఛలు, గుండె జబ్బు, ముప్పై ఏడు వారాల లోపే నొప్పులు రావడం: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా థియేటరు, రక్తం, నవజాత శిశువుల విభాగం మూడూ ఒకేచోట ఉన్న పెద్ద ఆసుపత్రే సరైనది. ఇవేవీ లేకపోతే ఏరియా ఆసుపత్రిలోనో, నిలకడగా నడుస్తున్న నర్సింగ్‌హోములోనో కనవచ్చు, పై మెట్టుకు ఎంతసేపట్లో చేరగలమో తెలిసి ఉంటే. ఇంట్లో కాన్పు మాట నేను ఎత్తను. మా అవ్వ నలుగురిని కన్నదని చెప్పాను. ఆరుగురిని మోసిందని మాత్రం మొన్నటి వరకు మాకెవరికీ తెలియదు.

రక్తహీనత గురించి రెండు ముక్కలు. మన రాష్ట్రంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. గర్భిణికి హిమోగ్లోబిన్ పదకొండు ఉండాలి. ఏడు లోపు ఉంటే మామూలుగా ఎవరైనా తట్టుకోగల రక్తస్రావం కూడా ఆమె తట్టుకోలేదు. ఐరన్ మాత్రలు కాఫీతోనూ పాలతోనూ మింగితే ఒంటికి పట్టవు. నిమ్మరసం నీళ్ళతో మింగాలి. ఇంత చిన్న విషయం కాన్పు ఎక్కడ జరగాలన్న నిర్ణయాన్నే మార్చేస్తుంది. ఆర్‌హెచ్ నెగెటివ్ రక్తం ఉన్నవాళ్ళు ఆ సంగతి ఆసుపత్రిలో పదేపదే చెప్పాలి. బిడ్డది పాజిటివ్ అయితే కాన్పు తరువాత డెబ్బై రెండు గంటల్లోపు తల్లికి యాంటీ-డి ఇంజెక్షను పడాలి, లేకపోతే తరువాతి బిడ్డకు ముప్పు.

కోత ఎందుకు ఇంత పెరిగింది

అదే 2019-21 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి తొంభై ఆరుకు పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. ఇది నిజంగా గొప్ప సంగతి. మంత్రసానుల కాలంతో పోల్చితే ఎన్ని ప్రాణాలు నిలిచాయో ఊహించవచ్చు. కానీ మరో అంకె ఉంది. రాష్ట్రంలో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లు. దేశం మొత్తం మీద అది 21.5 శాతం. ప్రభుత్వ ఆసుపత్రుల్లో నూటికి ఇరవై ఆరుకు పైగా ఉంటే, ప్రైవేటులో నూటికి అరవై మూడు. ఒక సమాజంలో సిజేరియన్లు పది శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు ఇంకా తగ్గుతున్నట్లు కనబడలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించింది. అంటే ఓపిక ఉండవలసిన చోట వేగం వచ్చి కూర్చుంది.

దీనికి డాక్టర్లను ఒక్కరినే తప్పుపట్టడం న్యాయం కాదు. ఒక్క డాక్టరమ్మ నడిపే చిన్న ఆసుపత్రిలో ఆమె పన్నెండు గంటలు మంచం పక్కన కూర్చోలేదు. పగలు చేసిన ఆపరేషనుకు మత్తు డాక్టరు తేలికగా దొరుకుతారు, అర్ధరాత్రి దొరకరు. నొప్పులు భరించలేక "ఆపరేషన్ చేసేయండి" అని ఒత్తిడి చేసేది చాలాసార్లు కుటుంబమే. దానికి తోడు ముహూర్తం. నక్షత్రం చూసుకుని, లగ్నం చూసుకుని వారం పది రోజుల ముందే బిడ్డను బయటికి తీయించడం మన ప్రాంతంలో మామూలైపోయింది. ముప్పై తొమ్మిది వారాలు నిండకుండా, నొప్పులు రాకుండా సిజేరియన్‌తో తీసిన బిడ్డలకు ఊపిరితిత్తుల ఇబ్బంది ఎక్కువగా వస్తుంది. మంచి నక్షత్రంలో పుట్టి మూడు రోజులు గాజు పెట్టెలో గడిపిన బిడ్డను నేను చూశాను. జాతకం మీద నమ్మకం ఉన్నవాళ్ళను నేను తప్పుపట్టను. కానీ ఆ బిడ్డ తనంతట తాను ఎంచుకున్న ఘడియే దాని జన్మలగ్నం అని మా పురోహితుడే మా అమ్మతో అన్నాడు. ఆ మాట అందరు పురోహితులూ చెబితే ఎంత బాగుంటుంది!

సిజేరియన్ ప్రాణదాత అన్నది కూడా అంతే నిజం. మాయ కిందికి ఉన్నప్పుడు, బిడ్డ అడ్డంగా ఉన్నప్పుడు, గుండె చప్పుడు పడిపోతున్నప్పుడు "నార్మల్ కావాలి" అని పట్టుబట్టడం ప్రమాదం. ప్రైవేటుకు వెళ్ళేవాళ్ళు "మీ దగ్గర నూటికి ఎన్ని సిజేరియన్లు?" అని అడగవచ్చు. మామూలు కాన్పుకు, ఆపరేషనుకు, బిడ్డను పిల్లల విభాగంలో రోజుకు ఉంచడానికి ఎంతెంత అవుతుందో కాగితం మీద రాయించుకోవాలి. మూడో అంకెను అందరూ మరిచిపోతారు. ఇళ్ళు అప్పులపాలయ్యేది చాలావరకు అక్కడే.

వేలూరు కథ, నిర్ణయం కథ

పెదనాన్న వేలూరు మాటలో అర్థం లేకపోలేదు. చిత్తూరు నుంచి గంట ప్రయాణం. తరతరాలుగా మనవాళ్ళు అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలకు వెళుతూనే ఉన్నారు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు వేలూరు, చిత్తూరు ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి, జిల్లా కేంద్రం చిత్తూరే.

ఆ ఆసుపత్రి పుట్టుకే ఒక కాన్పు రాత్రితో ముడిపడి ఉంది. 1890 ప్రాంతంలో తిండివనంలో ఐడా స్కడర్ అనే అమెరికా యువతి దగ్గరికి ఒకే రాత్రి ముగ్గురు మనుషులు ఒకరి తరువాత ఒకరు వచ్చి, తమ భార్యలు ప్రసవించలేక అల్లాడుతున్నారని, రమ్మని బతిమాలారు. ఆమె వైద్యం చదవలేదు. ఆమె తండ్రి డాక్టరు, అదే ఇంట్లో ఉన్నాడు. కానీ మగ డాక్టరు తమ ఆడవాళ్ళను తాకడానికి ఆ ముగ్గురూ ఒప్పుకోలేదు. తెల్లవారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారు. ఆమె అమెరికా వెళ్ళి వైద్యం చదివి, 1900లో వేలూరులో ఒక మంచంతో చికిత్స మొదలుపెట్టింది.

ఈ కథ చెప్పినప్పుడల్లా అందరూ ఐడా గొప్పతనం తలుచుకుంటారు. నాకు ఆ తండ్రి గుర్తొస్తాడు. డాక్టరు ఉన్నాడు, దూరం లేదు, డబ్బు సమస్య కాదు. నిర్ణయం ఒక్కటే రాలేదు. తల్లుల మరణాల మీద పనిచేసేవారు మూడు ఆలస్యాల గురించి చెబుతారు: బయలుదేరాలని నిర్ణయించడంలో ఆలస్యం, చేరడంలో ఆలస్యం, చేరాక చికిత్స అందడంలో ఆలస్యం. మొదటిది ఇంట్లోనే పుడుతుంది. "ఆయన ఊరి నుంచి రానీ", "అత్తగారికి ఒక మాట చెప్పి", "రాహుకాలం పోనీ" అంటూ గడిచే గంట అది. అందుకే ఏడో నెలలోనే మా ఇంట్లో ఒక ఒప్పందం చేసుకున్నాం. చెల్లెలు "పోదాం" అంటే పోవడమే. ఇంకెవరినీ అడగనక్కర్లేదు.

వేలూరును మేము ఎందుకు వద్దనుకున్నామంటే, పాకాల నుంచి తిరుపతి దగ్గర. చెల్లెలికి పెద్ద ముప్పు లక్షణాలేవీ లేవు. ఎనిమిదో నెల చివర్లో కొత్తచోట పేరు నమోదు చేయించుకుని, తెలియని భాషలో నొప్పులు చెప్పుకోవడం తనకు ఇష్టం లేదు. చిత్తూరులో, గంగాధర నెల్లూరులో, యాదమరిలో ఉండేవాళ్ళ లెక్క వేరు. కుప్పంవాళ్ళ లెక్క ఇంకా వేరు. ఎవరి గడప నుంచి వాళ్ళు నిమిషాలు లెక్కపెట్టుకోవాలి.

బెంగళూరు నుంచి పుట్టింటికి వచ్చేవాళ్ళకు ఒక మాట. తొమ్మిదో నెల పడ్డాక పలమనేరు దాటి మొగిలి ఘాటు మీదుగా బస్సు ప్రయాణం పెట్టుకోవద్దు. ముప్పై రెండు, ముప్పై నాలుగు వారాల మధ్య వచ్చేయడం మేలు. వస్తూ స్కానింగు రిపోర్టులు, రక్తపరీక్షలు, పాత ఆపరేషన్ వివరాలు అన్నీ ఒకే ఫైలులో తేవాలి. నొప్పుల మీద మొదటిసారి అడుగుపెట్టిన మనిషి గురించి ఆసుపత్రికి ఏమీ తెలియదు. అది రాత్రి వేళైతే ఇంకా కష్టం. ఇక్కడ కనీసం రెండు మూడుసార్లు ముందుగా చూపించుకోవాలి. ప్రతి నెలా తొమ్మిదో తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా వైద్యులు పరీక్షలు చేస్తారు. 2016 నుంచి నడుస్తున్న ఈ కార్యక్రమం కొత్తగా వచ్చినవాళ్ళకు మంచి గుమ్మం.

దారి, రక్తం, కాగితాలు

డాక్టరు చెప్పిన తేదీన సరిగ్గా పుట్టేవాళ్ళు నూటికి ఐదుగురు కూడా ఉండరు. మా చెల్లెలి తేదీ పెరటాసి నెలలో, అంటే సెప్టెంబరు-అక్టోబరుల్లో పడింది. పెరటాసి అంటే తిరుపతిలో ఉన్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు: శనివారాలు, బ్రహ్మోత్సవాలు, ఐదో రోజు గరుడసేవ. ఆ రాత్రి అలిపిరి వైపు రోడ్లు ఎలా ఉంటాయో తెలుసు. పెద్ద ఆసుపత్రులు కూడా ఆ వైపే. కాబట్టి మేము రెండు దారులు చూసి పెట్టుకున్నాం. గరుడసేవ నాటికి కాస్త అనుమానం ఉన్నా తిరుపతిలో బంధువుల ఇంటికి ముందే చేరిపోవాలనుకున్నాం.

108 అంబులెన్సు అందరికీ తెలుసు. 2011 జూన్‌లో మొదలైన జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం అన్నీ ఉచితమని, మామూలు కాన్పుకు మూడు రోజులు, ఆపరేషనుకు ఏడు రోజులు భోజనం పెట్టాలని, రానూపోనూ ప్రయాణం కూడా ఉచితమని మాత్రం చాలామందికి తెలియదు. తల్లినీ బిడ్డనూ ఇంటికి దింపే తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ బండి నంబరు 102. ఇవి హక్కులు. అడిగి తీసుకోవాలి. మొదటి కాన్పుకు అర్హులైన తల్లులకు ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద ఐదు వేలు, రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే ఆరు వేలు వస్తాయి. ఆ డబ్బు ఆగిపోవడానికి మామూలు కారణం ఆధార్‌లో ఒక ఇంటిపేరు, బ్యాంకు పుస్తకంలో ఇంకో ఇంటిపేరు ఉండడం. పెళ్ళయ్యాక పేరు మార్చుకున్నవాళ్ళు ఐదో నెలలోనే ఈ పని చూసుకోవాలి.

రక్తం విషయంలో ఇంట్లోవాళ్ళు చేయగలిగింది ఒకటుంది. ఆరోగ్యంగా ఉండి, రక్తం ఇవ్వడానికి సిద్ధపడిన ఇద్దరు ముగ్గురి పేర్లు, ఫోన్లు ఒక కాగితం మీద రాసి ఫైలులో పెట్టడం. మా పక్క వీధి కుర్రాళ్ళు అడగకముందే పేర్లిచ్చారు.

ఎప్పుడు బయలుదేరాలి? నొప్పులు ఐదు నిమిషాలకొకటి చొప్పున గంటసేపు నిలకడగా వస్తే. దూరం ఎక్కువైతే అంతకంటే ముందే. ఉమ్మనీరు పోతే నొప్పులు లేకపోయినా వెంటనే. ఆ నీరు ఆకుపచ్చగా ఉంటే ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. రక్తం పడినా, తలనొప్పి తగ్గకుండా ఉండి కళ్ళు మసకబారినా, జ్వరం వచ్చినా, అన్నిటికంటే ముఖ్యంగా బిడ్డ కదలికలు తగ్గినట్లు అనిపించినా వెళ్ళాలి. "చల్లని నీళ్ళు తాగి చూడు, పొద్దున్నే పోదాం" అనే మాట ప్రేమతోనే అంటారు. దానికి తలొగ్గవద్దు.

పాత చీరలు, కొత్త జాగ్రత్తలు

బిడ్డ పుట్టకముందే కుల్ల కుట్టకూడదని మన సామెత. అందుకే చాలా ఇళ్ళలో ముందుగా కొత్త బట్టలు కొనరు. దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయనక్కర్లేదు. నలిగి మెత్తబడ్డ నూలు చీరలను చించి, బాగా ఉతికి, ఎండలో ఆరబెట్టి పెట్టుకున్న పొత్తిగుడ్డలకు మించిన బట్ట పసిగుడ్డుకు లేదు. మా అవ్వ తన చీరలు నాలుగు తీసి ఇచ్చింది. సంచీలో అవి, తలకు కుల్ల, చెల్లెలికి ముందువైపు తెరుచుకునే రవికలు, నూలు పంచెలు, ప్యాడ్లు, ఫైలు, ఛార్జరు, చిల్లర నోట్లు. అంతే. దుకాణాల్లో చూపించే పొడులు, నూనెలు, పాలసీసాలు ఏవీ కొనలేదు. పాలసీసా ఇంట్లో ఉంటే తొలి రాత్రి బిడ్డ ఏడవగానే ఎవరో ఒకరు దాన్ని అందుకుంటారు.

ఇక్కడ కొంచెం గట్టిగానే మాట్లాడాలి. పుట్టిన గంటలోపు తల్లిపాలు పట్టాలి. పసుపుపచ్చగా చిక్కగా వచ్చే ముర్రుపాలు చెడ్డవని పిండి పారబోయడం ఇంకా అక్కడక్కడా ఉంది. బిడ్డకు అందే మొదటి రక్షణ అదే. తేనె నాకించడం, చక్కెర నీళ్ళు, ఆముదం, వసకొమ్ము, చివరికి గాడిదను వీధిలో తిప్పుతూ అమ్మే గాడిద పాలు... ఇవన్నీ మన ఊళ్ళలో చూస్తూనే ఉన్నాం. ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా అవసరం లేని కడుపు అది. తేనెలో ఉండగల సూక్ష్మజీవులు ఏడాదిలోపు పిల్లల నరాలను చచ్చుబరిచే జబ్బు తేగలవు. గాడిద పాలు తాగితే ఉబ్బసం రాదన్నదానికి ఆధారం లేదు, పచ్చిపాలతో విరేచనాలు పట్టుకున్న పిల్లలు మాత్రం ఉన్నారు. బొడ్డు మీద ఏమీ రాయకూడదు, ఆరనివ్వాలి. ఒక రోజు గడిచే వరకు స్నానం వద్దు. పుట్టిన ఇరవై నాలుగు గంటల్లో హెపటైటిస్-బి టీకా, దానితోపాటు బీసీజీ, పోలియో చుక్కలు, విటమిన్-కె ఇంజెక్షను పడ్డాయో లేదో ఇంటికి బయలుదేరే ముందు కార్డులో చూసుకోవాలి. మొదటి రోజే కామెర్లు కనబడినా, తరువాత అరచేతులు, అరికాళ్ళ వరకు పచ్చబడినా ఎండలో పెట్టి కూర్చోకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

బాలింతకు నీళ్ళు తాగనివ్వకపోవడం ఇంకో పాత అలవాటు. పొట్ట వస్తుందని భయం. పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ, నీళ్ళు తాగనివ్వాలి. పప్పు, గుడ్డు, ఆకుకూరలు తిననివ్వాలి. కారణం లేకుండా ఏడుపు వస్తున్నా, నిద్రపట్టకపోయినా, బిడ్డను చూస్తే ఏమీ అనిపించడం లేదని చెప్పినా "గాలి సోకింది" అనకండి. కాన్పు తరువాత మనసుకు వచ్చే జబ్బు అది, నయమవుతుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టరుకు చెప్పాలి. మా చెల్లెలికి మూడో రోజున అలా కన్నీళ్ళు మొదలై వారంలో తగ్గిపోయాయి. ఆ వారమంతా రాత్రిళ్ళు బిడ్డను ఎత్తుకున్నది మా మరిది.

కాన్పు చివరికి తిరుపతిలోనే అయింది. గరుడసేవకు రెండు రోజుల ముందు, తెల్లవారుజామున. అవ్వ తోడుగా లోపలికి వెళ్ళింది. పాత చీర గుడ్డలో చుట్టిన ఆడపిల్లను ఎత్తుకుని బయటికి వచ్చింది.

మిగిలింది ఒక కాగితం పని. జననాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. ఆసుపత్రిలో పుడితే వాళ్ళే వివరాలు పంపుతారు, తల్లిదండ్రుల పేర్ల అక్షరాలు సరిచూసుకోవడం మన పని. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడం మొదలు పాస్‌పోర్టు వరకు పుట్టిన తేదీకి ఈ ధ్రువపత్రమే ఆధారం. బిడ్డ పేరు అప్పటికే ఉండాలన్న నియమం లేదు. ఏడాదిలోపు రుసుము లేకుండా చేర్చవచ్చు. మా ఇంట్లో అత్తింటి పేరా, పుట్టింటి పేరా అన్నది మూడో నెల వరకు తేలలేదు. అప్పటిదాకా ఆ గడి ఖాళీగానే ఉంది. ఏడాదిలోపు పిల్లల తల్లిదండ్రులకు తిరుమలలో సుపథం అనే ప్రవేశమార్గం నుంచి దర్శనం ఉంటుంది, అక్కడా ఈ ధ్రువపత్రం చూపించాలి. పుట్టువెంట్రుకల మొక్కు ఉంది కాబట్టి ఆ వంకతోనైనా పేరు తేల్చమని అవ్వ తొందరపెట్టింది. ఈసారి ముందుగా చెల్లెలినే అడిగారు.